ప్రాణహితలో అద్దె కయాక్‌లు: ఒక బృందం కేస్ స్టడీ

మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డునున్న సిరోంచ పరిసరాల్లో నది మీద తిరగాలనుకునే బృందాలకు దారి చూపడం, వారి భద్రత చూసుకోవడం నా వృత్తి. నా దగ్గర సొంత కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) లేవు. వచ్చేవారు ఎక్కడో అద్దెకు తెచ్చుకుంటారు, నేను నదిని చూపిస్తాను. చిక్కంతా అక్కడే. పడవలిచ్చేవారికి ఈ నది తెలియదు. నది తెలిసినవారిని ఏ పడవ తేవాలని ఎవరూ అడగరు. 2024-25 చలికాలంలో వచ్చిన ఒక బృందం విషయంలో ఈ చిక్కు మొదటి నుంచి చివరి దాకా స్పష్టంగా కనిపించింది కనుక రాసి పెడుతున్నాను. మనుషుల ఊళ్లు, ఉద్యోగాలు, దిగిన రేవు, పడవలిచ్చిన దుకాణం వివరాలు తీసేశాను. యాత్రకు సంబంధం లేని ఒకటి రెండు సంగతులు మార్చాను.

నేపథ్యం

వార్ధా, వైన్‌గంగ కలిసిన చోట పుట్టి, దాదాపు 113 కిలోమీటర్లు పారి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసే నది ప్రాణహిత. ఎడమ ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, కుడి ఒడ్డు తెలంగాణ. సిరోంచ వైపు పిల్లలు బడిలో మరాఠీ చదివినా, చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. గోదావరి పరీవాహక ప్రాంతంలో దాదాపు మూడో వంతు మీద పడిన నీరు ఈ నదిలోకే చేరుతుంది. 2022 జులై వరదల్లో సిరోంచ తాలూకాలో పల్లెలకు పల్లెలే మునిగాయి. అంత నది డిసెంబరులో మోకాలి లోతుకు దిగుతుందంటే బయటివారు నమ్మలేరు.

నమ్మలేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. సంగమానికి దిగువన మేడిగడ్డ బ్యారేజీని 2019 జూన్‌లో ప్రారంభించారు. గేట్లు దించి నీరు నిలిపిన నెలల్లో వెనుక జలాలు ప్రాణహితలోకి ఎగదన్ని, సిరోంచ దగ్గర నది చెరువులా నిండుగా కనిపించేది. 2023 అక్టోబరు 21న బ్యారేజీ పియర్లు (గేట్లను మోసే స్తంభాలు) కుంగాక గేట్లు ఎత్తి నీరు వదిలేశారు. ఈ బృందం వచ్చేనాటికి మళ్లీ నీరు నిలపలేదు. దాంతో వానలు వెనుకపట్టిన కొద్దీ నది మళ్లీ తన పాత రూపానికి వచ్చింది: కిలోమీటరు వెడల్పు ఇసుక, మధ్యలో విడిపోతూ కలుస్తూ పోయే పాయలు.

బృందంలో పదిమంది. ఒకే కళాశాలలో చదువుకుని నలభైల్లోకి వచ్చిన తొమ్మిదిమంది మిత్రులు, వారిలో ఒకరి పదమూడేళ్ల కొడుకు. నలుగురు ఏదో రిసార్టు చెరువులో గంటసేపు కయాక్ నడిపినవారే. ఇద్దరికి ఈత రాదు. రెండు రోజుల్లో 34 కిలోమీటర్లు, రాత్రి ఇసుక తిన్నె మీద గుడారాలు, ముగింపు కాళేశ్వరం త్రివేణి సంగమంలో. ఇదీ వారి ప్రణాళిక. ఈ ఆలోచనకు మూలం 2021లో ఎవరో తీసిన ఒక ఫొటో. అందులో ఒడ్డు నుంచి ఒడ్డుకు నీలంగా నీళ్లు.

వచ్చిన సమస్య

నగరంలోని ఒక దుకాణం నుంచి ఇద్దరు కూర్చునే గట్టి ప్లాస్టిక్ కయాక్‌లు ఐదు బుక్ చేసుకుని, అడ్వాన్సు కట్టి, ఆ తరువాత నాకు ఫోను చేశారు. వారు అడిగింది ఒక్కటే: చివర్లో పడవలను ఎక్కించుకోవడానికి బండి దొరుకుతుందా?

నేను తిరిగి అడిగిన మొదటి ప్రశ్న, పడవలను మోసేది ఎవరు అని. వారికి అర్థం కాలేదు. ఇద్దరు కూర్చునే కయాక్ ఖాళీగానే దాదాపు 35 కిలోలు ఉంటుంది. గుడారం, నీళ్లు, వంట సామాను వేస్తే యాభై దాటుతుంది. బండి ఆగే చోటికి, నీరు మొదలయ్యే చోటికి మధ్య చలికాలంలో మూడు నాలుగు వందల మీటర్ల మెత్తటి ఇసుక ఉంటుంది. దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి, నడుమ పాయ ఎండిన ప్రతి చోటా మరోసారి మోయాలి.

దుకాణం వారు అడిగిన వివరాలు రెండే: ఎంతమంది, ఏ తేదీలు. పదిమంది అనగానే ఐదు పడవలు అన్నారు. ఇద్దరు కూర్చునేది తలకు చవక, కొత్తవారికి నిలకడ ఎక్కువ. నిలిచిన నీటికి అది సరైన లెక్కే. పారే నీటికి, అందులోనూ ఇసుక నదికి, లెక్క వేరు. అద్దె కూడా పడవలు దుకాణం గడప దాటిన క్షణం నుంచి మొదలవుతుంది. ఇక్కడికి 280 కిలోమీటర్ల పైచిలుకు. రెండు రోజుల విహారానికి నాలుగు రోజుల అద్దె, దాని మీద బండి కిరాయి.

ప్రయాణపు లెక్క కూడా సరిగా లేదు. మొదటి రోజు 20 కిలోమీటర్లు వేసుకున్నారు. కొత్తవారు నిలకడ నీటిలో గంటకు నాలుగు కిలోమీటర్లు పోగలరు కనుక కాగితం మీద ఐదు గంటలే. దిగి లాగడం, దారి వెతుక్కోవడం కలిస్తే ఈ నదిలో ఆ వేగం సగానికి పడుతుంది. డిసెంబరులో పగలే పదకొండు గంటలు.

మొదటి ప్రయత్నం

వద్దని చెప్పి పంపేయవచ్చు. అడ్వాన్సు కట్టినవారు అంత సులువుగా వినరు, వేరే ఎవరినో పట్టుకుని దిగుతారు. అందుకే ఒక షరతు పెట్టాను: యాత్రకు ముందు సిరోంచ దగ్గరే ఒక పూట ఇవే పడవలతో, ఇదే బరువుతో నడిపి చూడాలి. సరిపోతే వెళదాం. ఒప్పుకున్నారు.

బొలెరో ట్రాలీలో పడవలు రాగానే ఒక్కొక్కటే ఇసుక మీద బోర్లించి చూశాను. ఈ పనికి అరగంట పడుతుంది. చాలామంది పడవ రంగు, సీటు చూసి సరిపెట్టుకుంటారు. చూడవలసింది అడుగు భాగం. పైన కూర్చునే రకం కయాక్‌లో కాళ్ల దగ్గర పడిన నీరు కిందికి కారిపోవడానికి పై నుంచి అడుగు దాకా బెజ్జాలుంటాయి. ఇసుకలో ఈడ్చిన పడవలకు ముందు పగిలేది ఆ బెజ్జాల అంచే. అక్కడ వెంట్రుకవాసి పగులున్నా నీరు నేరుగా పడవ కడుపులోకి చేరుతుంది, బయటికి కనిపించదు. బెజ్జాన్ని అడుగు నుంచి అరచేతితో మూసి, పై నుంచి చెంబెడు నీళ్లు పోసి కాసేపు ఆగితే తెలిసిపోతుంది. ఐదింటిలో ఒకదానికి వెనుక బెజ్జం దగ్గర నీరు జారిపోయింది. మరో రెండింటికి లోపలి నీరు వంచేసే వెనుక రంధ్రానికి బిరడాలే లేవు, గుడ్డ ముక్కలు కుక్కి ఉన్నాయి. అన్నిటికీ తేదీతో ఫొటోలు తీయించాను.

లైఫ్ జాకెట్లన్నీ ఒకే కొలత. అబ్బాయికి తొడిగి, పట్టీలన్నీ బిగించి, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపితే జాకెట్ చెవుల దాకా వచ్చింది. నీళ్లలో జరిగేది కూడా అదే: జాకెట్ తేలుతుంది, మనిషి అందులోంచి జారుతాడు. అబ్బాయికి నా దగ్గరున్న చిన్న జాకెట్ ఇచ్చాను.

నీళ్లలోకి దిగాక ఫలితం తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇద్దరు పెద్దవారు, సామాను కలిసిన పడవ జానెడు లోతుకు దిగుతుంది. ప్రతి రెండు మూడు వందల మీటర్లకు అడుగు ఇసుకలో తగిలింది. తగలడం పెద్ద ప్రమాదం కాదు. ప్రమాదం ఆ తరువాత వస్తుంది. ముందు భాగం ఆగిపోగానే ప్రవాహం వెనుక భాగాన్ని తోస్తుంది, పడవ అడ్డం తిరుగుతుంది. కంగారులో ఇద్దరూ దిగువ వైపు దిగుతారు. ప్రవాహం తోసే పడవ బలంగా వారి మీదికి జరుగుతుంది. మోకాలి లోతులో కూడా కాలు కింద పడితే లేవడం కష్టం. ఎప్పుడూ పడవకు ఎగువ వైపే దిగాలని ఒడ్డున చెప్పాను. అయినా మొదటిసారి అడ్డం తిరిగినప్పుడు నలుగురిలో ముగ్గురు దిగువకే దిగారు.

ఇంకో సంగతి కూడా ఆ రోజు కళ్లముందే కనిపించింది. ఇసుక తిన్నె ఎగువ వైపు నిదానంగా ఏటవాలుగా ఉంటుంది, దిగువ అంచు మాత్రం ఉన్నట్టుండి లోతులోకి తెగుతుంది. చీలమండల లోతులో నడుస్తూ వెళ్లిన ఒకాయన ఒక్క అడుగుతో నడుము దాకా దిగబడ్డారు. జాకెట్ ఉంది కనుక నవ్వుకున్నాం. ఈత రాని ఇద్దరూ నవ్వలేదు.

ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఒక పెద్ద బెస్త, నేను మామా అని పిలిచే ఆయన, ఇదంతా చూసి ఒక మాట అన్నాడు: "సారూ, ఈ నెలలో మీరు పడవ ఎక్కడం కాదు, పడవే మిమ్మల్ని ఎక్కుతుంది." అక్కడితో ఆ పూట ఆపేశాం.

రెండో ప్రయత్నం

గాలి నింపే కయాక్‌లు తెస్తే ఎలా ఉంటుందన్నది బృందం ఆలోచన. కొట్టిపారేయదగిన ఆలోచన కాదు. ఒకటి పదిహేను కిలోలకు మించదు, మడిచి జీపులో వేసుకోవచ్చు, బండి కిరాయి మిగులుతుంది, నీటిలో తక్కువ దిగుతుంది. మోసేది ఎవరన్న నా ప్రశ్నకు అది నేరుగా జవాబు. దగ్గరి పట్టణంలో తెలిసినవారి నుంచి రెండు తెప్పించి మరునాడు చూశాం.

మొదటి గంట బాగానే సాగింది. అడుగున ఉండే చిన్న రెక్క ఇసుకలో తట్టుకుంటోందని దాన్ని తీసేశాం. తీయగానే పడవ తిన్నగా పోవడం మానేసింది, తెడ్డు వేసిన ప్రతిసారీ ముక్కు పక్కకు తిరిగింది. పొద్దెక్కాక పక్కగాలి లేచింది. నీటి మీద తేలికగా, ఎత్తుగా ఉండే పడవ గాలికి లొంగిపోతుంది. వెడల్పాటి నదిలో అడ్డుగా చెట్టూ చేమా ఉండవు. ఇద్దరు బలమైనవారు చెమటలు కక్కుతూ తెడ్లు వేసినా ఎదురు ఒడ్డుకు కొట్టుకుపోయారు. అటు దిగబోతే తుమ్మముల్లు గుచ్చుకుంది. ముక్క అతికించవచ్చు, కానీ ఆ జిగురు గట్టిపడి ఒత్తిడికి ఆగాలంటే ఒక రాత్రయినా పడుతుంది. రెండో పడవను మధ్యాహ్నం ఎండలో ఇసుక మీద వదిలేస్తే, పొద్దున చల్లటి వేళ బిగించి నింపిన గాలి వేడెక్కి అతుకు దగ్గర బుడగలా ఉబ్బింది. గాలి కొంత వదిలాక సర్దుకుంది. అప్పటికి అందరికీ విషయం అర్థమైంది. పూటలో తిరిగివచ్చే విహారానికి ఈ పడవలు పనికొస్తాయి. రోడ్డు కనిపించని చోట్ల రెండు రోజుల దారికి పనికిరావు.

బృందం ఇంటికి వెళ్లిపోయింది. కొందరు ఇక వద్దన్నారు. ఇద్దరు మాత్రం నిజంగా ఏం చేస్తే కుదురుతుందో చెప్పమన్నారు.

ఏది పని చేసింది

అప్పటిదాకా అందరం పడవను మార్చి నదిని గెలవాలని చూశాం. మూడోసారి పడవ సంగతి చివర పెట్టి, ముందు బరువు ఎవరు మోయాలి, దారి ఎవరు చూడాలి అన్న రెండు విషయాలు తేల్చుకున్నాం.

సామాను కయాక్‌లలో వేయకూడదని మొదటి నిర్ణయం. మామ నాటు పడవను మాట్లాడాం. ఆయనకు ఇచ్చింది రోజు కూలి మాత్రమే కాదు, ఆ రోజు పోయే చేపల విలువ కూడా కలిపి ఇచ్చాం. వేట మానుకుని వచ్చే మనిషికి ఒట్టి కూలి కడితే తొందరపెట్టి ముగించాలని చూస్తాడు, అందులో తప్పు కూడా లేదు. ఈత రాని ఇద్దరూ ఆ పడవలోనే కూర్చుంటామన్నారు. జాకెట్ వేసుకుని కయాక్ ఎక్కినా ఫరవాలేదని వారికి చెప్పాను, కానీ బలవంతం చేయలేదు. భయపడేవారు గట్టిగా పట్టుకుంటారు, వంగుతారు, పక్కవారినీ ముంచుతారు.

దారి సంగతికి వస్తే, కేంద్ర జల సంఘం టేక్రా దగ్గర ప్రాణహిత నీటిమట్టం కొలుస్తుంది. ఆ అంకె నది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది చెబుతుంది. పాయ ఈ వారం ఏ ఒడ్డుకు జరిగిందో చెప్పదు. అది రోజూ నీటి మీద ఉండేవారికే తెలుస్తుంది. మామ చూసే గుర్తులు నేను కూడా రాసుకున్నాను: నీటి మీద చిన్న ముడతలు వరుసగా ఉంటే కింద ఇసుక దగ్గరగా ఉంది, నున్నగా కాస్త ముదురు రంగులో జారిపోతుంటే పాయ అక్కడ ఉంది, పాయ రెండుగా చీలితే వెడల్పైనది కాదు, వేగమున్నది పట్టుకోవాలి. నాటు పడవ ముందు, కయాక్‌లు దాని వెనుక ఒకే వరుసలో. ఇంకో లాభం ముందు ఊహించనిది. ముందు రోజు సాయంత్రం ఆయన తోటి బెస్తలకు చెప్పి పెట్టడంతో వలలు వేసిన చోట్ల పుల్లలు నాటి ఉంచారు. వలకు చిక్కుకున్న తెడ్డును లాగితే తెగేది ఒక కుటుంబం వారం రోజుల తిండి.

ఇక పడవలు. ఒక్కరు కూర్చునేవి ఆరు, ఇద్దరు కూర్చునేది ఒకటి. ఒక్కరిది పాతిక కిలోలకు లోపే, ఇద్దరు చెరో కొస పట్టుకుంటే ఇసుకలో సునాయాసంగా పోతుంది. సామాను లేని ఒక్క మనిషితో అది బెత్తెడు లోతుకే దిగుతుంది, ఇద్దరి పడవ ఆగిపోయిన చోట్ల జారిపోయింది. కొత్తవారు ఒంటరిగా వంకర టింకరగా పోతారన్నది నిజమే. ముందు నాటు పడవ ఉంది కనుక కళ్లకు ఒక గురి దొరికింది, గంటలో సర్దుకున్నారు. ఇద్దరి పడవను అబ్బాయి కోసం ఉంచాం. వాళ్ల నాన్నతో కూర్చోబెట్టలేదు, బృందంలో అందరికంటే నింపాదిగా ఉండే స్నేహితుడితో కూర్చోబెట్టాం. తండ్రి వెనుక కూర్చుంటే నదిని చూడడు, కొడుకునే చూస్తాడు.

ఇసుక తిన్నె మీద రాత్రి బస తీసేశాం. దీని మీదే ఎక్కువ వాదన జరిగింది, ఎందుకంటే వారికి యాత్ర అంటే అదే. నా కారణాలు చెప్పాను. వైన్‌గంగ మీద గోసీఖుర్ద్ లాంటి ఎగువ ఆనకట్టల నుంచి నీరు వదిలితే నిద్రలో తెలియదు. కుడి ఒడ్డున ప్రాణహిత అభయారణ్యం, ఎడమ ఒడ్డున ఎగువన చప్రాల అభయారణ్యం ఉన్నాయి. ఎక్కడ పడుకున్నా ఏదో ఒక అనుమతి గురించి అడిగేవారుంటారు. నది రెండు రాష్ట్రాల హద్దు, ఏ ఒడ్డున అడుగు పెడితే ఆ ప్రభుత్వం. పక్కనే గోదావరి మీద శివ్వారాన్ని అభయారణ్యం చేసింది మొసళ్ల కోసమేనన్న మాట కూడా వేశాను. నిజం చెప్పాలంటే వాదన ముగించింది అదే. సిరోంచలోనే బస పెట్టి, రెండు పొద్దుటి పూటల విహారంగా మార్చాం. పూటకు తొమ్మిది పది కిలోమీటర్లు. ఉదయం ఆరున్నరకు నీటిలోకి, గాలి లేచేలోపు ఒడ్డుకు. సిరోంచ పోలీసులకు ముందే పేర్లు, సమయాలు రాసిచ్చాం.

సంగమం దాకా తెడ్డు వేయాలన్న కోరికను కూడా వదులుకోవలసి వచ్చింది. రెండు నదుల ప్రవాహాలు కలిసే చోట స్నానాలు చేసేవారు, ఇంజన్ పడవలు తిరుగుతుంటాయి. అక్కడ ఏడెనిమిది మంది కొత్తవారిని అదుపులో పెట్టడం నా వల్ల కాదు. రెండో రోజు మధ్యాహ్నం వంతెన మీదుగా బండిలో కాళేశ్వరం వెళ్లి ఫొటో దిగారు. ఆ ఫొటోలో చేతుల్లో తెడ్లు కూడా ఉన్నాయి, చూసినవారు ఏమనుకుంటారో నాకు తెలియదు.

రెండు పూటలూ ఇబ్బంది లేకుండా గడిచాయి. పడవ దిగి లాగవలసినవి కొన్ని చోట్లే. ఒకసారి ఒకరు బోల్తా పడ్డారు, తెడ్డు వదిలేసి పడవను పట్టుకున్నారు. అదే చేయమని చెప్పాను కూడా.

అద్దె కాగితం

చాలామంది పైపైన చూసి వదిలేసే విషయం కనుక విడిగా రాస్తున్నాను. రెండోసారి దుకాణంతో మాట్లాడినప్పుడు నాలుగు మాటలు కాగితం మీద పెట్టించాం. అద్దె రోజులు పడవలు సిరోంచ చేరిన దగ్గర నుంచి లెక్క. నీటిమట్టం కారణంగా ఆగిపోతే అడ్వాన్సు పోదు, తేదీ మారుతుంది. ప్రతి ఒక్కరి బరువు, ఛాతీ కొలత ముందే పంపుతాం, జాకెట్లు ఆ ప్రకారం ఇవ్వాలి. అదనపు తెడ్లు రెండు, అదనపు బిరడాలు ఒక పొట్లం.

దుకాణం వారు ఒప్పుకోవడానికి మా వాదన బలం కారణం కాదు. మేము శని ఆదివారాలు వదిలి వారం మధ్యకు మారాం. ఆ రోజుల్లో ఆ పడవలు ఎలాగూ దుకాణంలో ఖాళీగా పడి ఉంటాయి. పగిలిన బెజ్జం, గుడ్డ ముక్కల ఫొటోలు కూడా చూపించాం. దెబ్బలాడటానికి కాదు. పడవలు సరిచూసి తీసుకునే మనుషులని తెలిస్తే మంచి పడవలే పంపుతారు.

ఇప్పుడు ఏ బృందం ఫోను చేసినా పడవ రకం గురించి మాట్లాడే ముందు నేను మూడు విషయాలు అడుగుతాను: మీలో అందరికంటే బలహీనమైన ఇద్దరు కలిసి ఎంత మోయగలరు, మీరు చూసిన ఫొటో ఏ సంవత్సరం ఏ నెలలోది, మీ సామాను ఎవరి పడవలో వస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా అయితే ఏ పడవతో వచ్చినా దిగనివ్వను. నీరు నిండుగా ఉన్న చోటును బట్టి పడవ ఎంచుకునే అలవాటు చెరువుల దగ్గర నేర్చుకున్నది. ఇక్కడ ఎండిన చోటును బట్టి ఎంచుకోవాలి. దుకాణంవారు ఆ ప్రశ్న అడగకపోతే అడగవలసిన బాధ్యత అద్దెకు తీసుకునేవారిదే.

పడవలు తిరిగి అప్పగించేటప్పుడు చిన్న పేచీ వచ్చింది. ట్రాలీలో బెల్టులు మరీ బిగించి ఎండలో తీసుకెళ్లడంతో ఒక పడవ అడుగు లోపలికి సొట్టబోయింది. దుకాణం వారు డిపాజిట్ పట్టుకుంటామన్నారు. ఆ ప్లాస్టిక్ వేడికి మెత్తబడి లొంగుతుంది, అదే వేడికి తిరిగి లేస్తుంది. బోర్లించి మధ్యాహ్నం ఎండలో ఉంచి, సాయంత్రం చూసి మాట్లాడమని ఫోనులో చెప్పాను. సాయంత్రానికి సొట్ట లేచింది. బోల్తా పడినప్పుడు కొట్టుకుపోయిన తెడ్డు ధర మాత్రం మినహాయించుకుని మిగతా డబ్బు తిరిగిచ్చారు.